మూత తియ్యని నూనె డబ్బా

అద్దాలు బిగించే పుట్టీ కలపడం రొట్టెల పిండి కలపడం లాంటిదేనని పెళ్లయిన కొత్తలో రత్నానికి చెప్పింది తవిటయ్యే. సుద్దపొడి జల్లెడ పట్టాలి. మధ్యలో గుంట చేసి అవిసె నూనె కొంచెం కొంచెంగా పోస్తూ, మణికట్టు బలమంతా పెట్టి పిసకాలి. ముద్ద చేతికి అంటుకోకూడదు, తుంచితే విరిగిపోకూడదు. ఒక రోజు గుడ్డ కప్పి ఉంచి మర్నాడు మళ్లీ పిసకాలి. తొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో పుట్టీ రత్నం చేతి మీదుగానే వెళ్లింది.

పరాయి రాష్ట్రంలోని ఉక్కు కార్ఖానా ఊళ్లో, సీతారాండేరా పేటలో ఇంటి ముందు రేకుల షెడ్డు వేసుకుని ఆమె భర్త పోలరాజు కిటికీలకీ తలుపులకీ చట్రాలు చేసి అద్దాలు బిగించేవాడు. అతనికి ఆ పని నేర్పినవాడు తవిటయ్య. ఇద్దరివీ రాజాం దగ్గర పక్కపక్క ఊళ్లు. తవిటయ్యకి అరవై దాటాయి. భార్య పోయింది, పిల్లలు లేరు. పక్క పేట భుయాడీలో ఒక గదిలో ఉంటూ, పొద్దున్నే నడిచి వచ్చి, మధ్యాహ్నం రత్నం పెట్టిన అన్నం తిని, సాయంత్రం వెళ్లిపోయేవాడు. చట్రాలు పోలరాజు చేసినా అద్దం బిగించడం మాత్రం ఆయన పనే. గాడిలో పల్చగా పుట్టీ పరిచి, పలకని నాలుగు మూలలా అదిమి, జారకుండా చిన్న మేకులు కొట్టి, వాటి మీదుగా పుట్టీ కత్తితో మూల నుంచి మూలకి ఒకే ఒక్క గీత లాగేవాడు. ఎక్కడా ఆపేవాడు కాదు. చివర బొటనవేలితో నొక్కి, "పట్టినాది" అనేవాడు. ఆ మాట అయ్యాక ఆ పలక వంక ఎవరూ మళ్లీ చూడనక్కర్లేదు.

కిందటి ఏడు ఆయన ఎడమ కంట్లో పొర వచ్చింది. అప్పటి నుంచి పోలరాజు, ముసలాయన చూడకుండా, ఆయన బిగించిన పలకల వంక ఒకసారి చూసుకునేవాడు. ఎప్పుడూ తప్పు దొరకలేదు.

ఈ ఏడు మార్చి నెలలో సిద్ధగోరాలో ఉండే గోవిందరావుగారు వరండా అంతా అద్దాల కిటికీలతో మూయించుకోవాలనుకున్నారు. ఆయన భార్య గౌరీదేవికి దుమ్మంటే పడదు. పొద్దున తుడిచిన గచ్చు మీద మధ్యాహ్నానికి కార్ఖానా మసి నల్లగా పరుచుకుంటే ఆవిడ ప్రాణానికి నెమ్మది ఉండేది కాదు. ఆరు కిటికీలు, ఇరవై నాలుగు పలకలు. పోలరాజు సాక్చీ బజారు నుంచి లీటరు అవిసె నూనె డబ్బా తెచ్చి రత్నం ముందు పెట్టి వెళ్లాడు.

డబ్బా మూత మీద దుకాణంవాడు లక్క పోసి బిగించాడు. అయినా దాని చుట్టూ కారిన నాలుగు చుక్కల వాసనకే రత్నం గబుక్కున లేచింది. పెరట్లోకి పరిగెత్తి, తులసి కోట వెనక కూర్చుని, తిన్నదంతా కక్కుకుంది.

ఆమెకి మూడో నెల. ఆ సంగతి పక్కింటి జోగమ్మకి తప్ప ఎవరికీ తెలియదు. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. రెండోసారి పోలరాజు సంబరం పట్టలేక, షెడ్డుకి వచ్చినవాళ్లందరికీ బెల్లం పెట్టాడు. పది రోజులకే పోయింది. జోగమ్మ అప్పుడే గట్టిగా చెప్పింది. మళ్లీ నిలిస్తే ఐదో నెల వచ్చేదాకా కట్టుకున్నవాడికి కూడా చెప్పకూడదు, బయటపెడితే నిలవదు. ఆమెకి నెలసరి లెక్క తప్పి రావడం మామూలే కావడంతో పోలరాజు పట్టించుకోలేదు. వాంతులకి పైత్యమని చెప్పింది.

రెండు రోజులు కొంగు ముక్కుకి కట్టుకుని ప్రయత్నించింది రత్నం. డబ్బా దగ్గరికి వెళ్లడమే కుదరలేదు. మూడో రోజు పోలరాజు, "పుట్టీ ఏటైనాది? రేపు పని మొదలెట్టాల" అన్నాడు. ఆ మధ్యాహ్నం ఆమె కళ్లు అటక మీద ఉన్న నువ్వుల నూనె డబ్బా మీద పడ్డాయి. అన్నయ్య రాజాం నుంచి గానుగ నూనె పంపించాడు. మూత తీస్తే పుట్టింటి వాసన వచ్చింది గానీ వికారం రాలేదు. అదీ నూనే ఇదీ నూనే కదా అనుకుంది. సుద్దపొడిలో పోసి పిసికితే ముద్ద ఎప్పటికన్నా నున్నగా, పట్టులా వచ్చింది. అవిసె నూనె డబ్బాని లక్క కూడా ఊడదీయకుండా బొగ్గుల గోతాం వెనక్కి తోసేసింది.

మర్నాడు తవిటయ్య ముద్ద తుంచి అరచేతిలో దొర్లించాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ దొర్లించాడు.

"ఏటి కోడలుపిల్లా, అవిసె వాసన తగల్నేదు?"

రత్నం టీ గ్లాసు కింద పెట్టింది. గభాలున నవ్వు తెచ్చుకుంది.

"నీ ముక్కుపొడికి ఇంకేటి తగుల్తాది మావయ్యా. కంపు ఈది సివరిదాకా కొడతంటేను."

పోలరాజు రంపం ఆపి నవ్వాడు. "కన్నే పోనాదనుకున్నాం గురువా. ముక్కు కూడా ఛుట్టీ పెట్టేసినాదేటి?"

తవిటయ్య కూడా నవ్వాడు. నవ్వుతూనే ముద్దని ఇంకోసారి వాసన చూశాడు. తర్వాత, "అంతే కామోసు" అని గుడ్డలో చుట్టుకుని సంచిలో పెట్టుకున్నాడు.

ఆ "అంతే కామోసు" రత్నానికి రెండు రోజులు చెవిలో మెదిలింది. మూడో రోజుకి మర్చిపోయింది. ఆ తర్వాత వచ్చినవన్నీ చెక్క పట్టీలు కొట్టి అద్దం నిలిపే తలుపులు. పుట్టీ అవసరం పడలేదు.

ఏప్రిల్ మధ్యలో ఒక సాయంత్రం ఏటా ఎండాకాలంలో వచ్చే కాలవైశాఖి గాలిదుమారం ఊళ్లోకి దూరింది. రేకులు ఎగిరాయి, చెట్లు పడ్డాయి. మర్నాడు పొద్దున గోవిందరావుగారు స్కూటర్ మీద షెడ్డు దగ్గరికి వచ్చారు. దిగలేదు. ఒక కాలు నేల మీద పెట్టి, ఇంజను ఆపకుండానే మాట్లాడారు.

"ఆవకాయలో దుమ్ము పడకూడదనే గదయ్యా ఆ అద్దాలు పెట్టించుకున్నది. ఇప్పుడు ఆవకాయలో అద్దాలే పడ్డాయి. ఒకటి కాదు, మూడు పలకలు. పెట్టిన మూడో రోజు, తిరగ కలపడానికని బేసినులో పోసి పెట్టుకుంది. సంవత్సరం పచ్చడి. మా ఆవిడ ఆ బేసిను ముందు కూర్చుని నాతో మాట్లాడటం మానేసింది."

"గాలికి కిటికీ కొట్టుకుందేమో బాబూ" అన్నాడు పోలరాజు.

"కిటికీ కొట్టుకుంటే అద్దం పగలాలి. ఊడి పడకూడదు. వచ్చి చూడు. నెల దాటింది, వేలు పెడితే పుట్టీ ఇంకా వెన్నలా మెత్తగా ఉంది."

పోలరాజు, తవిటయ్య కలిసి వెళ్లారు. లోపల గడప పక్కన నిలబడి అంతా విన్న రత్నం బొగ్గుల గోతాం వంక చూసింది. అవిసె నూనె గాలి తగిలి గట్టిపడుతుందనీ, నువ్వుల నూనె ఎప్పటికీ గట్టిపడదనీ ఆమెకి అప్పుడు, ఆ క్షణంలో అర్థమైంది. మేకులు పలకని జారకుండా ఆపుతాయి గానీ పట్టి ఉంచేది ఎండిన పుట్టీయే. వాళ్లు రాగానే చెప్పేద్దామనుకుంది. ఎలా మొదలుపెట్టాలో కూడా అనుకుంది.

మధ్యాహ్నం ఇద్దరూ తిరిగి వచ్చారు. పోలరాజు చెప్పులు విసురుగా విప్పాడు. తవిటయ్య పంచలో చాప మీద కూర్చుని సంచిలోంచి రెండు సీసాలు తీసి ముందు పెట్టుకున్నాడు. రెండూ ఒకే సైజు మందు సీసాలు. పని దగ్గర పుట్టీ బిగుసుకుంటే కాస్త మెత్తబరచడానికి ఒకదాంట్లో అవిసె నూనె ఉంటుంది. రెండో దాంట్లో తలుపు బందులకి వేసే మెషీన్ నూనె.

రత్నం అన్నం వడ్డించి పళ్లేలు తెచ్చింది.

తవిటయ్య ఒక సీసా ఎత్తి వెలుతురుకి పట్టుకున్నాడు. కుడి కంటికి, ఎడమ కంటికి మార్చి మార్చి చూశాడు.

"ఇది అవిసెది గదా."

"అది మెషీన్ నూనె గురువా" అన్నాడు పోలరాజు. గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

తవిటయ్య సీసా కింద పెట్టాడు. రెండు సీసాలూ పక్కపక్కకి జరిపి చూశాడు.

"అయితే అదే అయుంటాది. పిండి కోడలుపిల్ల బాగానే కలిపినాది, నున్నగా వచ్చినాది. ఎండకి బిగుసుకుంటే నానే నూనె పోసి మెత్త సేసినాను. ఈ సీసా తీసుంటాను. ఆ రోజే అన్నాను గదేటి వాసన తగల్నేదని. కన్నూ పోనాది, ముక్కూ పోనాది. ఇంకేటున్నాది?"

రత్నం చేతిలో పప్పు గిన్నె ఉంది. నోరు తెరిచింది. "కొంచెం పప్పు ఎయ్యనా మావయ్యా" అనే మాట వచ్చింది.

"సాలమ్మా."

ఆయన సగం అన్నం వదిలేశాడు. లేచి, పుట్టీ కత్తిని గుడ్డతో రెండు వైపులా తుడిచి, పోలరాజు పనిబల్ల మీద పెట్టాడు. "నాకింక పని సెప్పకు పోలరాజూ. ఇంకోళ్ల ఇంట్లో ఆ పలక ఏ బిడ్డ నెత్తి మీదైనా పడితే నాను బతకనేను."

పోలరాజు కత్తి వంక చూశాడు. వద్దనలేదు.

ఆ సాయంత్రం రత్నం జోగమ్మ దగ్గరికి వెళ్లింది. జోగమ్మ చేటలో బియ్యం ఏరుతూ అంతా విని, చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"నోరు మూసుకో. నూనె ఎందుకు మార్సినావంటే ఏటి సెప్తావు? కడుపు సంగతి బయటికొచ్చేత్తాది. ముసిలోడికి ఎలాగా కన్ను పోనాది. ఇయాళ కాకపోతే రేపు మానేసీవోడే గదా."

"నాను అబద్దం ఆడినాను జోగమ్మా. ఆయన సరిగ్గానే సెప్తే తప్పు ఆయన ముక్కు మీద తోసి నవ్వినాను."

"ఆడితే ఆడినావు. ఇంకో నెల్రోజులే. ఐదో నెల రాగానే ఎల్లి కాళ్ల మీద పడు."

రత్నం తల ఊపింది. అంతకన్నా కావలసింది ఏముంది, ఆగమనే మనిషి దొరికాక. కానీ ఆ రోజు నుంచి మధ్యాహ్నం మూడో పళ్లెం తీసి, మళ్లీ లోపల పెట్టేయడం మొదలైంది.  ఒక పెద్దమనిషి ఉసురు కడుపులో బిడ్డకి తగులుతుందని చిన్నప్పుడు అమ్మ ఎవరి గురించో అనడం గుర్తొచ్చేది. అప్పుడు చెప్పాలనిపించేది. చెప్తే బిడ్డ నిలవదని జోగమ్మ మాట గుర్తొచ్చేది. ఎటు తిరిగినా ఆ బిడ్డనే అడ్డం పెట్టుకుంటున్నానని తనకే తెలిసేది. బొగ్గులు తీసినప్పుడల్లా గోతాం వెనక డబ్బా అంచు కనిపించేది. గోతాం ఇంకొంచెం అటు జరిపేది.

పోలరాజు బరంపురం వైపు నుంచి వచ్చిన బలరామ్ అనే మనిషిని పనిలో పెట్టుకున్నాడు. పదిహేను రోజుల తర్వాత ఒకరోజు భోజనాల దగ్గర అన్నాడు.

"గురువు సాక్చీ బజార్లో సైకిల్ స్టాండులో కూకుంటన్నాడంట. బిళ్లలు ఇవ్వడం, బిళ్లలు తీసుకోవడం."

"నువ్వెల్లి పిలవ్వా?"

"పిలిసి ఏ పని సెప్పనే? గోవిందరావుగారి కాడ ఇరవై నాలుగు పలకలూ ఊడదీసి మళ్లీ ఎయ్యాల. ఆ పని మళ్లీ గురువుకెలగ సెప్పను?"

మర్నాడు పోలరాజు సరుకు కోసం వెళ్లాక రత్నం గోతాం జరిపి డబ్బా బయటికి తీసింది. మసి తుడిచి, కూరల సంచిలో పెట్టుకుని, సాక్చీకి మినీబస్సు ఎక్కింది.

రేకు నీడలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు తవిటయ్య. మెడలో తాడుకి గుచ్చిన రేకు బిళ్లలు. ఆమెని చూసి లేవబోయాడు.

"ఏటి కోడలుపిల్లా, ఈ ఎండలో?"

ఆమె డబ్బా తీసి ఆయన ఒళ్లో పెట్టింది. "మూత తియ్యి మావయ్యా" అంది.

ఆయన ఒక బిళ్ల అంచుతో లక్క గోకి, మూత లేపాడు. ముక్కు దాకా తీసుకుపోనక్కర్లేకపోయింది. "అవిసె" అన్నాడు. తర్వాత ముఖం వంచి ఊపిరి లోపలికి పీల్చాడు. "మంచి నూనె. ఇంత దూరానికే కొడతంది." అంతలో ఆయన చెయ్యి ఊడిన లక్క ముక్కల మీద ఆగింది. డబ్బా నిండుగా ఉంది. "దీనికింకా లక్క ఎందుకున్నాది?"

రత్నం చెప్పింది. నువ్వుల నూనె గురించి, బొగ్గుల గోతాం గురించి, ముక్కుపొడి మాట గురించి. తల ఎత్తకుండా చెప్పింది.

మధ్యలో ఎవడో బిళ్ల పట్టుకుని వచ్చాడు. "బారా నంబర్" అంటూ పన్నెండో బిళ్ల చాపాడు. తవిటయ్య లేచి వెళ్లి, సైకిల్ వెతికి ఇచ్చి, బిళ్ల తాడుకి గుచ్చుకుని, వచ్చి కూర్చున్నాడు.

"అయితే నాను సీసా తప్పు తియ్యనేదు" అన్నాడు.

"తియ్యనేదు మావయ్యా."

"ఆ రోజు నా ముక్కు సరిగ్గానే సెప్పినాది."

"సెప్పినాది."

"నువ్వేమో నవ్వినావు."

 రోడ్డు మీద రిక్షాలు బెల్లులు కొట్టుకుంటూ పోతున్నాయి. రత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు. ఆమె వంక, కూరల సంచి వంక చూశాడు.

"ఎన్నో నెల?"

రత్నం తలెత్తింది.

"అవిసె వాసన పడనిది అందుకే గదేటి? మా ఆడదానికీ ఒకసారి ఇలగే. అగరొత్తి ముట్టిత్తే ఈదిలోకి పరిగెట్టీది."

"నాలుగు నడుత్తంది."

"పోలరాజుకి తెల్దు."

"తెలిత్తే మధ్యాన్నానికి ఊరి సివర టెల్కో దాకా తెలుత్తాది."

తవిటయ్య పెదాలు కొంచెం కదిలాయి. డబ్బా మూత బిగించి సంచిలో పెట్టి ఆమెకిచ్చాడు. "అయితే ఉండనీ. ఐదో నెల రానీ. అప్పుడు నెమ్మదిగా సెబుదువు. అందాకా నా మీదే ఉంటాది. ఇప్పటిదాకా మోసినాను గదా, ఇంకొన్నాళ్లు మోత్తే ఏటి?"

తిరుగు బస్సులో రత్నానికి కిటికీ పక్కన చోటు దొరికింది. ఇన్నాళ్లలో మొదటిసారి కంటికి కునుకు పట్టింది. ఇంటి దగ్గర దిగి సంచి చంకన పెట్టుకుని నడుస్తుంటే, ఒళ్లు తేలిగ్గా ఉందని తెలిసింది. ఆ తేలికదనం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియగానే అడుగు ఆగిపోయింది. బరువు దింపుకోవడానికని వెళ్లి, అదే ముసలాయన నెత్తి మీద ఇంకొన్నాళ్లకి సర్ది పెట్టి వచ్చింది. పైగా ఈసారి ఆయనకి తెలిసి, ఆయన అనుమతితో.

షెడ్డులో బలరామ్ రంగు డబ్బా ముందేసుకుని కూర్చున్నాడు. మూత రావడం లేదు. పుట్టీ కత్తి మొనని అంచు కింద దూర్చి పైకి నొక్కుతున్నాడు. తవిటయ్య కత్తి. ముప్పై ఏళ్లు అరిగి ఆకులా పల్చబడిన మొన వంగుతోంది. పోలరాజు పక్కనే చట్రానికి ఇసుక కాగితం పడుతూ చూస్తున్నాడు.

"ఆ కత్తి అక్కడ పెట్టు తమ్ముడూ" అంది రత్నం.

బలరామ్ ఆమె గొంతు విని పెట్టేశాడు.

"ఏటైనాదే?" అన్నాడు పోలరాజు.

ఆమె సంచిలోంచి డబ్బా తీసి పనిబల్ల మీద, కత్తి పక్కన పెట్టింది. "గోవిందరావుగారి పుట్టీకి నువ్వు తెచ్చిన నూనె ఇది. నాను పొయ్యనేదు. నువ్వుల నూనె పోసినాను. మావయ్య తప్పు ఏటీ నేదు."

పోలరాజు డబ్బా ఎత్తి బరువు చూశాడు. మూత అంచున మిగిలిన లక్క ముక్కని గోటితో తడిమాడు. "నువ్వుల నూనా?" అన్నాడు. డబ్బా దించి, "ఎందుకు?" అన్నాడు.

బలరామ్ ఉన్నాడని తెలుసు. జోగమ్మ గోడ అవతలే ఉందనీ తెలుసు. రత్నం చెప్పింది.

పోలరాజు పక్కనున్న చెక్క దుంగ మీద కూలబడ్డాడు. ముఖంలో ఏదో వెలుగు రాబోయి, సగంలోనే ఆగిపోయింది. రెండు చేతులా ముఖం రుద్దుకున్నాడు. చేతులకున్న రంపపు పొట్టు ముఖానికి అంటింది.

"ఆ రోజు సిద్ధగోరా నుంచి వత్తంటే దారిలో నానేటన్నానో తెలుసా ఆయన్ని?" అన్నాడు. "ఏ నూనె పోసినావో పోల్చుకోనేనోడివి నా బతుకు మీదకెందుకొచ్చినావన్నాను. పని నేర్పినోణ్ణి."

రత్నం నిలబడే ఉంది. అతను లేచి, మేకుకి వేలాడుతున్న చొక్కా తొడుక్కుని, సైకిల్ తీసుకుని సాక్చీ వైపు వెళ్లిపోయాడు. ఆమె వంక చూడలేదు. కడుపు సంగతి ఆ రోజు ఎత్తలేదు, మర్నాడూ ఎత్తలేదు. మూడో రోజు మాత్రం నీళ్ల బిందె ఆమె చేతిలోంచి లాక్కుని తనే మోశాడు.

తవిటయ్య వారం తర్వాత వచ్చాడు. గోవిందరావుగారింటికి ముగ్గురూ వెళ్లారు. గౌరీదేవి ముందు రత్నం మళ్లీ మొత్తం చెప్పుకుంది. ఆవిడ విని, "రెండో కోత కాయతో మళ్లీ పెట్టుకున్నాంలే" అంది. తర్వాత రత్నం నడుము వంక చూసి కూర్చోమని పీట వేసింది. ఇరవై నాలుగు పలకలూ తవిటయ్యే బిగించాడు.

ఆషాఢం వానలు మొదలయ్యేసరికి రత్నానికి ఏడో నెల. పుట్టీ ఇప్పుడు పోలరాజు కలుపుతున్నాడు, ఉండలు ఉండలుగా. జోగమ్మ గోడ మీంచి ఇప్పటికీ మూతి విరుస్తుంది. అవిసె నూనె వాసన రత్నానికి పడకపోవడం ఎప్పుడో తగ్గిపోయింది.

తవిటయ్య పొద్దున్నే వస్తాడు, మధ్యాహ్నం అన్నం తింటాడు. కత్తి మొన సుత్తితో సరిచేసుకున్నాడు. గీత ఎప్పటిలాగే ఆగకుండా వస్తుంది. కానీ సంచిలో రెండు సీసాల్లో ఒకదాని మెడకి ఎర్ర గుడ్డ పీలిక కట్టుకున్నాడు. పలక బిగించాక బొటనవేలితో నొక్కి, చెయ్యి తీసి, ఇంకోసారి నొక్కుతాడు. "పట్టినాది" అనడు. పని మొదలుపెట్టే ముందు ముద్ద తుంచి పట్టుకుని గడప దగ్గరికి వస్తాడు.

"కోడలుపిల్లా, ఒకపాలి సూడు. అవిసే గదా?"

ఆమె వంగి, వాసన చూసి, "అవిసే మావయ్యా" అంటుంది.

"నువ్వు సెప్తే సరే" అని వెనక్కి తిరుగుతాడు.

ఆమె లోపలికి వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంటుంది. అక్కడి నుంచి షెడ్డు సగం కనిపిస్తుంది. ఆమె చూడటం లేదనుకుని, ఆయన ఆ ముద్దని మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుంటాడు.